ఫోన్‌లో నర్సింగ్: చేతులు అవతలి ఇంట్లో ఉంటాయి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. ఆరేళ్లుగా మెడికల్ వార్డులో చేస్తున్నారు. ఇంటి నుంచే ఫోన్‌లో, వీడియోలో పేషెంట్లకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ సాయం చేసే నర్సు ఉద్యోగం ఒకటి వచ్చింది. నడుం నొప్పి, నైట్ డ్యూటీలతో విసిగి ఉన్నారు కాబట్టి మనసు అటే లాగుతోంది. కానీ తోటి సిస్టర్లు "నాడి పట్టకుండా నర్సింగేంటి, అది కాల్ సెంటర్ పని" అంటున్నారు. వెళ్లాలా, వద్దా? వెళ్తే చేతికి వచ్చిన పని మర్చిపోతానా?

వెళ్లండి. ఆరేళ్ల వార్డు అనుభవం ఉంది కాబట్టే వెళ్లమంటున్నాను. ఇది నర్సింగే. కాకపోతే నడుం నొప్పి పోతుందనో, నైట్స్ తప్పుతాయనో వెళ్తుంటే మాత్రం కాస్త ఆగండి. ఎనిమిది గంటలు కదలకుండా కూర్చుంటే నడుం ఇంకో రకంగా పట్టేస్తుంది. లైన్లు రాత్రిళ్లు కూడా నడుస్తాయి. అసలు జనానికి భయం పుట్టేదే రాత్రి రెండింటికి.

నా సంగతి చెప్తాను. పదకొండేళ్లు వార్డులో, ఐసీయూలో చేశాను. ఏడేళ్లుగా ఇంట్లో ఒక చిన్న గదిలో హెడ్‌సెట్ పెట్టుకుని చేస్తున్నాను. మొదట్లో ట్రయాజ్ లైన్, అంటే ఫోన్ చేసినవాళ్లలో ఎవరు ఇప్పుడే ఆసుపత్రికి పోవాలి, ఎవరు రేపు డాక్టర్ని కలవచ్చు, ఎవరు ఇంట్లోనే ఉండొచ్చు అని తేల్చే పని. తర్వాత డిశ్చార్జ్ అయినవాళ్లకు ఫాలోఅప్ కాల్స్. ఇప్పుడు ఎక్కువగా హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిగ్గా పంప్ చేయలేని జబ్బు), షుగర్ పేషెంట్ల రిమోట్ మానిటరింగ్, అంటే దూరం నుంచే కనిపెట్టి ఉండటం. దాంతో పాటు చివరి రోజుల్లో ఇంట్లోనే ఉన్నవాళ్ల కుటుంబాల కోసం ఒక నైట్ లైన్ కూడా చూస్తాను.

చేతులు లేకుండా ఎలా అన్నారు కదా. చేతులు లేకుండా కాదండీ, చేతులు అవతలి ఇంట్లో ఉంటాయి. కళ్లు కూడా అక్కడే ఉంటాయి. కూతురివో, భర్తవో, పక్కింటాయనవో. ఏం చూడాలో, ఎక్కడ తాకాలో వాటికి తెలియదు, అంతే. ఆ తెలియనిదాన్ని రెండు నిమిషాల్లో, భయపడిపోయి ఉన్న మనిషికి, అరవకుండా చెప్పి చేయించడమే మీ పని. అది వస్తే మిగతావన్నీ వస్తాయి.

ఒక్కటి దగ్గర నుంచి చూపిస్తాను. ఫోన్ చేసిన ఆవిడ "ఆయనకి ఆయాసంగా ఉంది సిస్టర్" అంటుంది. ఆయాసం అంటే ఏమైనా కావచ్చు. "నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టండి" అన్నారనుకోండి, ఆవిడకు గడియారం ఎక్కడుందో తెలియదు, లెక్క తప్పుతుంది, కంగారు ఇంకా పెరుగుతుంది. నేను ఇలా అంటాను: "ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన పెట్టండమ్మా. మీ అరచేయి ఆయన పొట్ట మీద ఆనించండి. నొక్కొద్దు. చెయ్యి పైకి లేచినప్పుడల్లా నాకు వినపడేలా 'ఆఁ' అనండి. టైమ్ నేను చూస్తాను." నేను కళ్లు మూసుకుని నిమిషం పాటు ఆ 'ఆఁ'లు లెక్కపెడతాను. పెద్దవాళ్లకు మామూలుగా 12 నుంచి 20 వస్తాయి. ముప్ఫై వచ్చాయంటే ఇక మాటలు అనవసరం, అంబులెన్స్. అరనిమిషం లెక్కపెట్టి రెండుతో గుణించే అలవాటుంటే మానేయండి. ఊపిరి లయ తప్పినవాళ్లలో అది మోసం చేస్తుంది.

అదే నిమిషంలో ఇంకో మేలు జరుగుతుంది. చేతికి ఒక పని దొరికేసరికి ఆవిడ ఏడుపు ఆగుతుంది. నేనది ముందు అనుకుని చేసింది కాదు, జరుగుతుంటే గమనించాను.

తర్వాత ఫోన్ ఆయనకే ఇమ్మంటాను. పేషెంటు మాట్లాడగలిగితే ఆ గొంతు విననిదే ఫోన్ పెట్టకండి. ఒక వాక్యం పూర్తిగా చెప్పగలుగుతున్నారా, రెండు మాటలకోసారి ఆగుతున్నారా, మాట ముద్దగా వస్తోందా, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్తున్నారా. వార్డులో మంచం దగ్గరికి నడుస్తూనే ఇవన్నీ మనకు తెలియకుండానే చూసేస్తాం. ఫోన్‌లో వీటిని ఒక్కొక్కటిగా, కావాలని వినాలి. మొదటి ఆరు నెలలు తల వాచిపోతుంది. తర్వాత చెవి తయారవుతుంది.

ఇక ప్రశ్నలు అడగడం. ఇక్కడే నేను బాగా దెబ్బతిన్నాను. కొత్తలో ఒక పెద్దాయనకు డిశ్చార్జ్ తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ "మందులు వేసుకుంటున్నారా అండీ?" అని అడిగాను. రెండుసార్లూ "ఆఁ, టైమ్‌కి వేసుకుంటున్నా సిస్టర్" అన్నారు. లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటే, కొత్త మందులు కదా, నెమ్మదిగా లేవండి అని చెప్పి వదిలేశాను. మూడోసారి ఎందుకో వీడియోలో పిలిచి "ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక కవర్లో వేసి తెచ్చి నాకు ఒక్కొక్కటీ చూపించండి" అన్నాను. ఒకే బీపీ మందు, అమ్లోడిపిన్, రెండు కంపెనీల పేర్లతో రెండు స్ట్రిప్పులున్నాయి. ఒకటి పాతది, ఒకటి ఆసుపత్రిలో రాసింది. పాపం ఆయన రెండూ టైమ్‌కే వేసుకుంటున్నారు! నేనడిగిన ప్రశ్నకు ఆయన చెప్పిన జవాబు అక్షరాలా నిజం. వెంటనే డాక్టర్‌తో మాట్లాడి సరిచేశాం. పడి తుంటి విరగ్గొట్టుకోలేదంటే అది ఆయన అదృష్టం, నా తెలివి కాదు.

అప్పటి నుంచి "వేసుకుంటున్నారా" అనే ప్రశ్నే మానేశాను. "పొద్దున లేవగానే ఏం వేసుకున్నారో చూపించండి" అంటాను. అలాగే "అర్థమైందా?" అని కూడా అడగను. ఆ మాటకు ప్రపంచంలో ఎవరైనా "అర్థమైంది" అనే అంటారు. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, రాత్రికి మీ అబ్బాయి అడిగితే ఏమని చెప్తారో నాకు చెప్పండి" అంటాను. దీన్ని టీచ్‌బ్యాక్ అంటారు, మీరు చదువుకునే ఉంటారు. వార్డులో తీరిక లేక ఎగ్గొట్టేస్తాం. ఫోన్‌లో అదొక్కటే మనకున్న ఆధారం.

"బాగానే ఉన్నారు" అనే మాటను కూడా నమ్మకండి. అబద్ధం అని కాదు. రోజూ పక్కనే ఉన్నవాళ్లకు నెమ్మదిగా వచ్చే మార్పు కనపడదు. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న ఒకాయన బరువు మూడు రోజుల్లో రెండు కిలోలకు పైగా పెరిగినట్టు నా స్క్రీన్ మీద అలర్ట్ వచ్చింది. వారంలో రెండు కిలోలు దాటినా, ఒక్క రోజులో కిలో దాటినా ఒంట్లో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది. "నాన్న బాగానే ఉన్నారండీ, టీవీ చూస్తున్నారు." ఆయాసం? లేదు. కాళ్ల వాపు? ఎప్పుడూ ఉండేదే. అప్పుడు అడిగాను: "రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారమ్మా?" ఒక క్షణం ఆగి, "దిండ్లు కాదండీ... రెండు రోజుల్నుంచి కుర్చీలోనే నిద్రపోతున్నారు. టీవీ చూస్తూ అలాగే పడుకుంటున్నారనుకున్నాం" అంది. అంటుండగానే ఆ అమ్మాయి గొంతు మారిపోయింది. పడుకుంటే ఊపిరాడక ఆయన కుర్చీలో కూర్చుంటున్నారు. అదేరోజు ఆసుపత్రిలో చేర్చారు. ఆ దిండ్ల ప్రశ్న ఏ యాప్‌లోంచీ రాలేదు, వార్డు నుంచి తెచ్చుకున్నాను. మీ ఆరేళ్లు ఎందుకు పనికొస్తాయో ఇక్కడ తెలుస్తుంది. కొత్తగా పాసై వచ్చినవాళ్లు నేరుగా ఈ పనిలోకి వస్తానంటే నేను వద్దనే చెప్తాను. కనీసం రెండు మూడేళ్లు మంచం పక్కన నిలబడనిదే ఏది అడగాలో తట్టదు.

మెషీన్ల గురించి కూడా రెండు మాటలు. రిమోట్ మానిటరింగ్ అంటే బీపీ కఫ్, బరువు స్కేలు, రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్, షుగర్ చూసే గ్లూకోమీటర్ ఇంట్లో పెడతారు, రీడింగులు మన దగ్గరికి వస్తాయి. వచ్చే అలర్టుల్లో చాలావాటికి కారణం జబ్బు కాదు. ఒకావిడ బరువు ఒక ఉదయం 22 కిలోలు చూపించింది. మనవడు ఎక్కాడు! బీపీ 190 వచ్చిందంటే ముందు ఆవిడ మెట్లెక్కి వచ్చి చూసుకున్నారేమో అడగాలి. ఐదు నిమిషాలు కుదురుగా, వీపు ఆనించి, కాళ్లు ఒకదానిమీద ఒకటి వేయకుండా కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో పెట్టి, చొక్కా మీద కాకుండా ఒంటి మీద కఫ్ చుట్టి మళ్లీ చూడమనాలి. మళ్లీ చూసినా 180/120 దాటి, ఛాతీ నొప్పో, చూపు మసకో, మాట తడబాటో ఉంటే ఇక ఆగేది లేదు. ఆక్సీమీటర్ అయితే చల్లటి వేళ్లకూ గోళ్లరంగుకూ తప్పు చూపిస్తుంది. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని ఇప్పుడు అందరికీ తెలిసిందే. అందుకే అంకె బాగుంది, మనిషి బాగాలేడు అనిపిస్తే మనిషినే నమ్మండి. అయితే రోజూ తప్పుడు అలర్టులు చూసీ చూసీ చేయి అలవాటుగా 'క్లియర్' నొక్కేస్తుంది. ఈ పనిలో నాకున్న అతిపెద్ద భయం అదే. నేను పెట్టుకున్న నియమం ఒకటుంది: మనిషితో మాట్లాడకుండా అలర్టు మూయను, ఆ మనవడి అలర్టు అయినా సరే.

వీడియోలో పుండు చూడటం గురించి చాలామంది అడుగుతారు. వెలుతురు పేషెంటు మీద పడాలి, పేషెంటు వెనకనుంచి రాకూడదు. ఎంత పెద్దదో తెలియడానికి పక్కన ఒక నాణెం పెట్టమనండి. ఎర్రదనం ఎక్కడిదాకా ఉందో అక్కడ బాల్‌పెన్‌తో గీత గీయించండి. రేపు గీత దాటిందంటే ఇన్ఫెక్షన్ పాకుతోందన్నమాట, డాక్టర్‌కి చెప్పడానికి చేతిలో రుజువుంటుంది. వాసన మాత్రం వీడియోలో రాదు కదా, అడిగి తెలుసుకోవాలి.

మొదటి అరనిమిషం. పేరు, పుట్టిన తేదీతో మనిషిని నిర్ధారించుకున్నాక నేను అడిగే మొదటి రెండు ప్రశ్నలు: "లైన్ కట్ అయితే ఏ నంబర్‌కి చేయాలి? ఇప్పుడు ఎక్కడున్నారు, అడ్రస్ పూర్తిగా చెప్పండి." ఫైల్లో అడ్రస్ ఉంటుంది కదా అనుకోవద్దు. ఫైల్లో ఉన్న ఇంట్లో ఆ రోజు వాళ్లు ఉండాలని లేదు. ఒకసారి షుగర్ పడిపోతున్న కుర్రాడితో మాట్లాడుతుండగా మాట నెమ్మదించింది, తర్వాత ఫోన్ కిందపడిన చప్పుడు. ఒంటరిగా ఉన్నాడు, స్నేహితుడి గదిలో ఉన్నాడు. మొదట్లో అడ్రస్ రాసుకున్నాను కాబట్టి అంబులెన్స్ సరైన తలుపు కొట్టింది. రాసుకోకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించను.

షుగర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 70 కంటే తగ్గితే, స్పృహలో ఉండి మింగగలిగితే, 15 గ్రాముల గ్లూకోజ్, పదిహేను నిమిషాలాగి మళ్లీ చెక్. ఇది ఎవరైనా చెప్తారు. కుటుంబానికి ముందురోజే, ఏమీ జరగనప్పుడే చెప్పి ఉంచాల్సింది ఇంకోటి ఉంది: స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. భయంలో అందరూ చేసే మొదటి పని అదే.

ప్రొటోకాల్స్ అంటే వార్డు నర్సులకు చిరాకు, నాకూ ఉండేది. ఫోన్ ట్రయాజ్‌లో ష్మిట్–థాంప్సన్ ప్రొటోకాల్స్ బాగా వాడుకలో ఉన్నాయి. ఏ లక్షణం చెప్తే ఏ వరుసలో ఏం అడగాలో, ఏ జవాబుకు ఎక్కడికి పంపాలో అందులో ఉంటుంది. "నాకు తెలియదా" అనిపిస్తుంది. కానీ నలభయ్యో కాల్‌లో, తెల్లవారుజామున, మీ బుర్ర వదిలేసే ఒక ప్రశ్నను అది వదలదు. మూడు నెలల లోపు పసిబిడ్డకు 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్, ఆపైన జ్వరం ఉంటే బిడ్డ ఎంత హుషారుగా ఉన్నా వెంటనే డాక్టర్ చూడాల్సిందే. అక్కడ మన అంచనాకు చోటు లేదు. నేను పనిచేసిన చోట్ల ఉన్న పద్ధతి నాకు నచ్చుతుంది: ప్రొటోకాల్ చెప్పినదానికంటే ఎక్కువ జాగ్రత్తకు, అంటే ఇంట్లో ఉండమన్నవాళ్లను ఆసుపత్రికి పంపడానికి, నర్సు తన మనసు చెప్పినట్టు నిర్ణయం తీసుకోవచ్చు. తక్కువ చేయాలంటే మాత్రం డాక్టర్‌ని అడగాల్సిందే. చేరేముందు మీ చోట ఏ పద్ధతో అడిగి తెలుసుకోండి.

పక్షవాతం లక్షణాలు వింటే అసలు సంభాషణే పెట్టుకోవద్దు. ముఖం ఒకవైపు జారిందా, రెండు చేతులూ ఎత్తగలరా, మాట ముద్దగా ఉందా, మూడిట్లో ఒకటున్నా అంబులెన్స్. ఒకే ఒక్క అదనపు ప్రశ్న: "చివరిసారి మామూలుగా ఉన్నట్టు ఎన్నింటికి చూశారు?" రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటల గడువు ఆ సమయం నుంచే లెక్క. నిద్రలేచేసరికి అలా ఉంటే, నిద్రలేచిన టైమ్ కాదు, రాత్రి పడుకున్న టైమ్ చెప్పమనాలి. ఇంట్లోవాళ్లకు ఈ తేడా తెలియదు.

ఇక కుటుంబాలు. మీ ప్రశ్నలో ఒక్క మాటతో దాటేశారు కానీ, సగం పని ఇదే. వార్డులో విజిటింగ్ టైమ్ అయిపోతే వాళ్లు వెళ్లిపోతారు. ఇక్కడ పేషెంటు దగ్గరికి మనకున్న దారే వాళ్లు. మందులిచ్చేది, డైపర్ మార్చేది, రాత్రి లేచేది వాళ్లే. వాళ్లు పడిపోతే పేషెంటు పడిపోయినట్టే. అందుకే ప్రతి కాల్‌లో చివరికి ఒకటి అడుగుతాను: "మీరు రాత్రి ఎంతసేపు పడుకున్నారు?" "మీరెలా ఉన్నారు" అనడగను, దానికి "బాగున్నాం" అనే వస్తుంది. నిద్ర గంటలు అడిగితే నిజం వస్తుంది. ఒకసారి ఒకాయన "ఎప్పుడు అండీ?" అని తిరిగి నన్నే అడిగాడు. భార్యను చూసుకుంటూ నాలుగు నెలలుగా ఆయన వరుసగా మూడు గంటలు పడుకోలేదు. సంరక్షకుల భారం తూచడానికి జారిట్ ఇంటర్వ్యూ అని 22 ప్రశ్నల ఫారం ఉంది, సోషల్ వర్కర్‌కి పంపేటప్పుడు వాడతాం. కానీ ఆయన విషయంలో ఆ ఫారం అవసరం పడలేదు.

ఎంతమందికి ఎంత చెప్పవచ్చో జాగ్రత్త. ఫోన్ చేసినవాడు తమ్ముడే కావచ్చు, ఆస్తి తగాదాలో ఉన్న తమ్ముడు కావచ్చు. పేషెంటు ఎవరితో మాట్లాడమన్నారో రికార్డులో ఉండాలి. లేకపోతే నేను వింటాను, వాళ్లు చెప్పింది రాసుకుంటాను, నావైపు నుంచి ఏమీ చెప్పను. "వినడానికి నాకు అడ్డేమీ లేదండీ, చెప్పడానికే ఆవిడ అనుమతి కావాలి" అంటే చాలామంది అర్థం చేసుకుంటారు, కొందరు తిడతారు.

పేషెంటు పక్కన ఎవరో ఉండి భయంతో మాట్లాడలేకపోవడం కూడా ఉంటుంది. వార్డులో అయితే "డ్రెస్సింగ్ చేయాలి, బయటికి వెళ్లండి" అని పంపించేస్తాం. ఫోన్‌లో ఆ వెసులుబాటు లేదు. "ఇప్పుడు ఇబ్బంది లేకుండా మాట్లాడగలరా? అవును, కాదు అంటే చాలు" అని, తర్వాత ప్రశ్నలన్నీ అవును-కాదుల్లోకి మార్చేస్తాను. అలాగే ఎవరైనా "ఇక బతికి ఏం లాభం" అన్నట్టు మాట్లాడితే చుట్టూ తిరగొద్దు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు, అలా జరగదు. అవునంటే లైన్ మీద మీరుండి, ఇంకో లైన్‌లో సహాయం పంపించాలి. ఇద్దరు చేయాల్సిన పని ఇది. కాబట్టి డ్యూటీలో పక్క నర్సుకు సైగ చేసే చాట్ ఏదైనా మీ చోట ఉందో లేదో ముందే చూసుకోండి.

నైట్ లైన్ గురించి రాయకుండా ఉండలేను. ఒక రాత్రి ఒకతను ఫోన్ చేశాడు. అమ్మకు చివరి ఘడియలు. "గొంతులో గురగురమంటోంది సిస్టర్, ఊపిరాడట్లేదు, ఏదైనా చేయండి" అంటున్నాడు. నాకు ఆ శబ్దం ఫోన్‌లోనే వినపడుతోంది. వార్డులో ఎన్నోసార్లు విన్నదే. మింగే శక్తి పోయినప్పుడు గొంతులో చేరిన తడి అలా మోగుతుంది. వినేవాళ్లకు భయంకరంగా ఉంటుంది కానీ, స్పృహలో లేని ఆవిడకు అది బాధ కలిగించదని అప్పటికి చాలాసార్లు చూశాను. బాధ ఉంటే ముఖంలో తెలుస్తుంది కాబట్టి ముందు ఆమె నొసలు చూడమన్నాను. "ముడతలు పడి ఉందా, వదులుగా ఉందా?" వదులుగా ఉందన్నాడు. "నెమ్మదిగా ఒక పక్కకు తిప్పండి, వీపు వెనక దిండు పెట్టండి. నోట్లో వేలు పెట్టి తీయొద్దు. పెదాలు తడి గుడ్డతో అద్దండి." ఒక్కొక్కటీ చేశాడు. శబ్దం కొంచెం తగ్గింది. తర్వాత చెప్పడానికి ఏమీ మిగల్లేదు. "నేను లైన్‌లోనే ఉన్నాను" అని ఊరుకున్నాను. ఇరవై నిమిషాలకు పైగా ఇద్దరం మాట్లాడలేదు. మధ్యలో ఒకసారి "ఉన్నారా?" అన్నాడు, "ఉన్నాను" అన్నాను. ఆ నెల రిపోర్టులో ఆ కాల్ పక్కన సగటు కాల్ సమయం మించిందని ఎర్ర గుర్తు వచ్చింది. సూపర్‌వైజర్‌కి వివరించాను, తీసేశారు. తీయకపోయినా నేను ఫోన్ పెట్టేసేదాన్ని కాదు.

అందుకే ఇంటర్వ్యూలో తప్పక అడగండి: కాల్ సమయానికి టార్గెట్ ఉందా? దాటితే ఏమవుతుంది? తోటివాళ్లు అంటున్న "కాల్ సెంటర్" మాట పూర్తిగా తప్పేం కాదు. కొన్ని చోట్ల నర్సును అలాగే వాడతారు. నేనూ ఒకచోట ఎనిమిది నెలలు అలా చేసి బయటికొచ్చాను. కాల్‌కి కాల్‌కి మధ్య నోట్స్ రాసుకోవడానికి టైమ్ ఇచ్చేవారు కాదు. నోట్స్ రాయడమంటే ఈ పనిలో ప్రాణం. రాయనిది చేయనట్టే అని వార్డులో అంటాం కదా, ఇక్కడ ఇంకా ఎక్కువ, ఎందుకంటే చూసిన సాక్షి ఎవరూ లేరు. పేషెంటు అన్న మాటను అన్నట్టే రాయండి. "ఛాతీలో అసౌకర్యం" అని శుద్ధి చేయకండి. "గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంది" అన్నారా, అదే రాయండి. డాక్టర్‌కి ఫోన్ చేసేటప్పుడు ఎస్‌బార్ వరుసలోనే చెప్పండి: ఇప్పుడేం జరుగుతోంది, వెనకటి సంగతేంటి, నా అంచనా ఏంటి, మీరేం చేయాలని కోరుతున్నాను. ఆ చివరిది చెప్పడానికి మొహమాటపడతాం. పడొద్దు.

లైసెన్సు సంగతి కూడా చూసుకోండి. చాలాచోట్ల నియమం ఏంటంటే, మీరెక్కడ కూర్చున్నారన్నది కాదు, పేషెంటు ఎక్కడున్నారన్నది లెక్క. అక్కడ నర్సుగా పనిచేయడానికి మీకు అనుమతి ఉండాలి. పేషెంటు ఊరెళ్లి అక్కణ్నుంచి ఫోన్ చేస్తే కూడా ఇది వర్తించవచ్చు. ఉద్యోగం ఇచ్చేవాళ్లను రాతపూర్వకంగా అడగండి, బీమా ఎవరిదో కూడా.

ఇంట్లో ఏర్పాట్లు: తలుపు మూసుకునే గది తప్పనిసరి. ఎవరి జబ్బు సంగతీ మీ ఇంట్లోవాళ్ల చెవిన పడకూడదు. హెడ్‌సెట్ మంచిది కొనండి, స్క్రీన్లు రెండు, మంచి కుర్చీ. కరెంటు, నెట్ పోతే కాల్ ఎవరికి మళ్లుతుందో ముందే తేల్చుకోండి. "ఇంట్లోనే ఉన్నావుగా" అనే మాటకు సిద్ధపడండి. డ్యూటీలో ఉండగా డెలివరీ వాళ్లకు తలుపు తీయడం దగ్గర మొదలై, ఆ మాట చాలా దూరం వెళ్తుంది. మా ఇంట్లో తలుపుకి ఎర్ర రిబ్బన్ కడితే కాల్‌లో ఉన్నట్టు. అది అలవాటు కావడానికి ఏడాది పట్టింది.

అన్నిటికంటే కష్టమైనది నేను ముందు ఊహించనిది. వార్డులో ఒక పేషెంటు పోతే, డ్యూటీ రూమ్‌లో పక్క సిస్టర్ భుజం మీద చేయి వేస్తుంది, షిఫ్టు మారేటప్పుడు నాలుగు మాటలు మాట్లాడుకుంటాం, ఇంటికి వెళ్లే దారిలో కొంత దిగిపోతుంది. ఇక్కడ హెడ్‌సెట్ తీస్తే మీ ఇల్లే. పైగా మీరు పంపినవాళ్లు ఆసుపత్రికి చేరారా, ఏమైందీ చాలాసార్లు తెలియదు. కథ మధ్యలోనే ఆగిపోతుంది. ఆ కుర్రాడి విషయంలో కూడా అంబులెన్స్ వాళ్లు లోపలికి వెళ్లారన్నంత వరకే నాకు తెలుసు. నేను ఇద్దరు తోటి నర్సులతో ప్రతి డ్యూటీ తర్వాత పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడతాను. పేషెంటు వివరాలుండవు, మా గోడు మాత్రమే. తర్వాత బయటికి వెళ్లి ఒక చుట్టు నడిచి, అప్పుడు 'ఇంటికి' వస్తాను.

చేతికి వచ్చిన పని మర్చిపోతానా అన్నారు. కొంత మర్చిపోతారు. ఐవీ, అంటే సెలైన్ ఎక్కించే సూది, పెట్టి ఏడేళ్లయింది, ఇప్పుడు పెట్టమంటే చేయి వణుకుతుంది. మీకు అది ముఖ్యమైతే నెలలో రెండు మూడు షిఫ్టులు వార్డులో చేసే వీలు ఉంచుకోండి. నాకు తెలిసినవాళ్లు కొందరు అలాగే చేస్తున్నారు.

రాజీనామా రాసేముందు ఒక పని చేసి చూడండి. ఈ వారం డ్యూటీలో, నిలకడగా ఉన్న ఒక పేషెంటు దగ్గర, ఆయన ఒప్పుకుంటే, కర్టెన్ ఇవతల నిలబడండి. లోపల ఉన్న ఆయన భార్యతోనో, కొడుకుతోనో మాటలతోనే అన్నీ చేయించండి: ఊపిరి లెక్క, కాళ్ల వాపు నొక్కి చూడటం, చర్మం వేడిగా ఉందా చల్లగా ఉందా. అన్నీ కాగితం మీద రాసుకోండి. తర్వాత కర్టెన్ తీసి లోపలికి వెళ్లి మీ చేతులతో చూసి, రాసుకున్నదానితో పోల్చుకోండి.